డ్రైవరు సీట్లో సిమెంటు బస్తా

మా కారు సెల్ఫ్ పట్టడం మానేసిన రెండు నెలల్లో నేను దాని గురించి ముప్పై ఒక్క పేజీలు రాశాను. తాళం తిప్పగానే ఇంజన్ను ఒక్క ఊపుతో లేపే చిన్న మోటారుని అందరూ సెల్ఫ్ అనే అంటారు. అది తిరిగితే బండి లేస్తుంది. తిరగకపోతే దిగి నెట్టాలి. ముప్పై ఒక్క పేజీల సారాంశం ఇంతేనని ఇప్పుడు తెలుస్తోంది గానీ, రాస్తున్నప్పుడు అలా అనిపించలేదు.

నేను చదివింది పదో తరగతి. ఆ తరవాత మా ఊరి సిమెంటు కొట్లో బస్తాలు లెక్కపెడుతూ, మేస్త్రీల పక్కన నిలబడి చూస్తూ, గోడకి ఎన్ని ఇటుకలు పడతాయో, శ్లాబుకి ఎంత ఇనుము పడుతుందో సొంతంగా నేర్చుకున్నాను. తొంభైల చివర్లో, మాదాపూర్‌లో బండలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజుల్లో, ఒక కాంట్రాక్టరు దగ్గర కొలతల పని చేసేవాణ్ణి. మా పనిలో ఒక నియమం ఉంది. గోడ కట్టినంత మాత్రాన కట్టినట్టు కాదు. దాని పొడవు, ఎత్తు, మందం కొలతల పుస్తకంలోకి ఎక్కాలి. పుస్తకంలో లేని గోడ లేనట్టే. ఇరవై ఏళ్లు ఆ నియమం మీద బతికినవాడు ఇంట్లో మాత్రం వేరేగా ఎలా ఉంటాడు? కారు కొన్న రోజే దానికీ ఒక కొలతల పుస్తకం పెట్టాను. ముందువైపు నుంచి శుభకార్యాలు, వెనకవైపు నుంచి మరమ్మతులు. ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవకూడదని మధ్యలో ఇరవై పేజీలు ఖాళీగా వదిలాను.

అప్పుడు మేం బోరబండలో ఒక మేడ మీద వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. కింద ఓనరమ్మ. మా ఆవిడ చేతి వంట ఎలాగో మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ దాకా పాకింది. మూడో అంతస్తులో ముప్పై ఎనిమిది మంది పిల్లలు రోజూ మా పప్పూ, కూరా, పులుసూ, పెరుగూ తినేవాళ్లు. మా ఆవిడ తెల్లవారుజామున లేచి పది గంటలకల్లా మూడు పెద్ద గిన్నెలు సర్దేది. పన్నెండింటికి నేను సైటు నుంచి వచ్చి కారులో పెట్టుకుని ఆ కంపెనీ లోపల దింపి మళ్లీ పనికి పోయేవాణ్ణి. రెండేళ్లు అలా గడిచింది.

అంతలో మా కాంట్రాక్టరు గోపన్‌పల్లిలో కొత్త పని ఒప్పుకున్నాడు. జనవరి నుంచి నేను అక్కడ ఉండాలి. మధ్యాహ్నం వచ్చిపోవడం కుదరదు. కంపెనీవాళ్లు ఆటోలను లోపలికి రానివ్వరు. సొంత బండి రావచ్చు గానీ, గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఒక రిజిస్టరులో బండి నంబరు, నడిపేవాళ్ల పేరు, లైసెన్సు నంబరు రాసుకుంటాడు. లైసెన్సు నంబరు గడి ఖాళీగా ఉంటే గేటు తెరవడు. అంటే జనవరిలోగా మా ఆవిడకి లైసెన్సు రావాలి. రాకపోతే ముప్పై ఎనిమిది మందీ వేరే వంట చూసుకుంటారు.

"నా వంటని నేను పోనివ్వను," అంది మా ఆవిడ. "నలభై ఏళ్లకి మొదటిసారి నేను వండినదాన్ని బయటివాళ్లు బాగుందన్నారు. ఇంట్లోవాళ్లు ఉప్పెంత పడిందో లెక్క చెప్పారు."

ఆ ఇంట్లోవాణ్ణి నేనే.

జూన్‌లో ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, తీసుకుంది. దానికి ఆరు నెలలు గడువు. ఆదివారాలు ఖాజాగూడ చెరువు అవతల, రాళ్లు తప్ప ఇంకెవరూ లేని దారిలో నేర్పాను. క్లచ్ వదలడానికి ఐదు అంకెలు, గేరు మార్చడానికి రెండు అంకెలు అని నేను పైకి లెక్కపెడుతుంటే, నాలుగో వారానికి ఆమె, "మీరు లెక్క ఆపితే నేను నడుపుతాను," అంది. ఆపాను. నడిపింది. చక్కగా నడిపింది. సెప్టెంబరు దాకా బండి ఒక్క రోజు కూడా మొరాయించలేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు కారుని కడిగి, బానెట్ ఎత్తి పూజ చేసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, బండిని చేత్తో నెట్టి తొక్కించాను. వివరాలన్నీ పుస్తకంలో ముందువైపు, శుభకార్యాల కింద రాసుకున్నాను.

మూడు రోజుల తరవాత మా ఆవిడ తాళం తిప్పితే 'టక్' మంది.

అంతే. ఒక్క టక్. దాని తరవాత నిశ్శబ్దం. మళ్లీ తిప్పితే మళ్లీ ఒక్క టక్. హారన్ కొట్టి చూశాను. వీధి చివర కుక్క లేచింది. లైట్లు వేసి చూశాను. పట్టపగలే ఎదురింటి గోడ మీద వెలుగు పడింది. సైటు ఎలక్ట్రీషియన్ దగ్గర మీటరు అడిగి తెచ్చి, దాని రెండు ముళ్లనీ, తీగల క్లాంపులు పట్టుకుని ఉండే బ్యాటరీ కొమ్ముల నడినెత్తిన ఆనించి చూశాను. పన్నెండు పాయింట్ ఆరు వోల్టులు. నిండు బ్యాటరీ. ఆ అంకె చూశాక నాకు ధైర్యం వచ్చింది. పుస్తకం వెనకవైపు తెరిచి, మొదటి వరసలో, 'బ్యాటరీ: దోషం లేదు' అని రాసి కింద రెండు గీతలు గీశాను. మా పనిలో రెండు గీతలు గీస్తే ఆ కొలత ఇక తిరగతోడరు.

మా వీధి చివర రేకుల షెడ్డులో ఒక మెకానిక్ ఉండేవాడు. చుట్టుపక్కల సెల్ఫులూ, డైనమోలూ అన్నీ ఆయన చేతి మీదే తిరిగేవి. బండిని నెట్టుకుంటూ తీసుకెళ్లాం. ఆయన బండి కిందికి దూరి, పానాతో సెల్ఫు మీద నాలుగు దెబ్బలు వేసి, "ఇగ కొట్టుండ్రి సార్," అన్నాడు. తాళం తిప్పాను. బండి లేచింది.

"బ్రష్షులు అరిగినయి. ఇప్పి మారుస్త," అన్నాడు.

"బ్యాటరీ పన్నెండు పాయింట్ ఆరు ఉంది. దాని జోలికి మాత్రం పోవద్దు," అన్నాను.

ఆయన నా చేతిలో పుస్తకం వంక చూసి, "మీరు రాసిన్రంటే ఇగ నాదేముంది సార్," అన్నాడు. పొగిడాడనే అనుకున్నాను.

సెల్ఫ్ ఊడదీసి, కొత్త బ్రష్షులు వేసి, సాయంత్రానికి బిగించి ఇచ్చాడు. నాలుగు రోజులు బండి గుర్రంలా లేచింది. ఐదో రోజు మా ఆవిడకి మొదటి టెస్టు.

టెస్టు జరిగేది ఒక ఎర్రమట్టి మైదానంలో. వరసగా బండ్లు ఆగి ఉంటాయి. ఇనస్పెక్టరు గారు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చంకలో ఫైలుతో ఒక్కో బండి దగ్గరికీ వస్తారు. మా బండిలో పక్క సీట్లో కూర్చుని, "స్టార్ట్ చెయ్యుండ్రమ్మా," అన్నారు.

టక్.

"చేసిన్రా?"

"చేశానండి."

"బండికి చెప్పిన్రా మరి?"

నేను వెనకనుంచి పరుగెత్తుకెళ్లి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, "సార్, కరెంటంతా బాగానే ఉంది. వినండి," అని హారన్ నొక్కాను.

ఆయన చెవి తడుముకుని, "హారన్‌కు లైసెన్సు ఇయ్యమంటవా?" అని దిగి వెళ్లిపోయారు.

ఇంటికి రాగానే మా ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. నేను మాత్రం పట్టిక మొదలుపెట్టాను. తేదీ, గంట, ఎండ, పెట్రోలు, బండి ముఖం ఏ దిక్కు, తాళం తిప్పింది ఎవరు, ఎన్నోసారికి లేచింది. ఆ తరవాతి తొమ్మిది రోజుల లెక్క ఇప్పటికీ పుస్తకంలో స్పష్టంగా ఉంది. నేను తిప్పినప్పుడు ఇరవై ఏడు సార్లలో పంతొమ్మిది సార్లు లేచింది. మా ఆవిడ తిప్పినప్పుడు ఇరవై రెండు సార్లలో ఆరు సార్లే. ఇంకో సంగతి కూడా కనిపించింది. మా ఇంటి ముందు బండి ఉత్తరముఖంగా పెట్టినప్పుడు ఎక్కువగా లేచేది. అలా పెట్టాలంటే మోరీ కాలువ మీది బండ ఎక్కి దించి తిప్పాలి. అయినా సరే, రోజూ అలాగే పెట్టడం మొదలుపెట్టాను.

అన్నం తింటున్నప్పుడు లెక్క చెప్పాను.

"అంటే బండి లేవకపోవడానికి కారణం నేనా?" అంది మా ఆవిడ.

"నేననడం లేదు. అంకెలు అంటున్నాయి."

"పెరుగు కూడా ఆ అంకెలనే వడ్డించమనండి," అని లేచి వెళ్లిపోయింది.

నిజానికి నాకూ అది అన్యాయంగానే తోచింది. మనిషి మారితే మోటారుకి ఎలా తెలుస్తుంది? తెలియడానికి ఒకటే దారి ఉంది, బరువు. సీటు మీద బరువు మారితే కింద వైరు ఏదైనా నలుగుతోందేమో. మా ఆవిడకి జ్వరం వచ్చినప్పుడు డాక్టరు రాసిన చీటీ దాచి ఉంచాను. అందులో యాభై ఎనిమిది కిలోలు. సైటు నుంచి ఒక సిమెంటు బస్తా తెచ్చాను. అది యాభై. దాని మీద ఎనిమిది కిలోల బియ్యం సంచి. రెండింటినీ డ్రైవరు సీట్లో నిలబెట్టి, ఒరిగిపోకుండా మా ఆవిడ పాత చున్నీతో సీటుకి కట్టాను. ఎప్పటిలాగే బానెట్ ఎత్తి నీళ్లు చూసి, దబ్బున వేసి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాను.

బండి లేచింది.

ఆపి, మళ్లీ తిప్పాను. లేచింది. మూడోసారి కూడా.

ఓనరమ్మ వాకిట్లో ముగ్గు పెట్టడం ఆపి చూస్తోంది. "ఏందయ్యా గిది? సిమెంటు బస్తాకు డ్రైవింగ్ నేర్పిస్తున్నవా?"

"లేదమ్మా, ఇది మా ఆవిడ," అన్నాను. చేతిలో పని మీద ధ్యాస ఉండి అలా వచ్చేసింది.

ఓనరమ్మ పైకి చూసింది. మా ఆవిడ పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు.

"ఆ చీటీ రెండేళ్ల కిందటిదండీ," అంది. "ఇంకో రెండు కిలోలు వెయ్యండి. లెక్క తప్పితే మీకు నిద్ర పట్టదు."

వేశాను. అప్పుడూ లేచింది. ఆ రోజు పట్టికలో 'బరువు: దోషం లేదు' అని రాసి రెండు గీతలు గీశాను. ఓనరమ్మ మాత్రం ఆ వారమంతా మా ఆవిడ కనిపించినప్పుడల్లా, "నీకన్న బస్తనే మంచిగ నడుపుతున్నదంట గదా బిడ్డా," అని నవ్వేది. మా ఆవిడ నవ్వేది కాదు. ఆమె నవ్వకపోవడం కూడా ఎక్కడో ఒకచోట రాసుకోవాలనిపించింది గానీ దానికి గడి లేదు.

రెండో టెస్టుకి ముందు మెకానిక్ మళ్లీ సెల్ఫ్ విప్పాడు. ఈసారి దానిలో ముందుకి తోసే ముక్క ఏదో మార్చాడు. మూడు రోజులు బాగుంది. టెస్టు నాటి పొద్దున మళ్లీ టక్. ఇంటి ముందు పల్లంలో దొర్లించి గేరు వేసి లేపి, మైదానానికి చేర్చాం. వరసలో ఆపేసరికి బండి ముఖం పడమరకి ఉంది. ఇనస్పెక్టరు గారు రాగానే చేతులు కట్టుకుని అడిగాను.

"సార్, బండిని ఒక్కసారి ఉత్తరముఖంగా తిప్పుకోవచ్చాండీ?"

"ఎందుకు?"

"ఉత్తరముఖంగా ఉంటే నూటికి డెబ్భై సార్లు లేస్తుందండీ. పుస్తకం చూపిస్తాను."

ఆయన పుస్తకం అందుకోలేదు. అప్పటికే నేను పక్కబండ్ల వాళ్లని నలుగుర్ని బతిమాలాను. అందరం కలిసి ఆ చదునైన నేల మీద బండిని మెల్లగా, ఏ కుదుపూ లేకుండా ఉత్తరానికి తిప్పాం. దుమ్ము దులుపుకుంటూ నిలబడ్డాం. ఇనస్పెక్టరు గారు చుట్టూ చూసి, "ఇది టెస్టా, గృహప్రవేశమా?" అన్నారు. "తిప్పమ్మా."

టక్.

ఆ నలుగురూ నా వంక చూసిన చూపు నేను ఇప్పటికీ మరచిపోలేదు. దిక్కుల మీద వాళ్లకున్న నమ్మకం కూడా నావల్లే పోయిందేమో.

మూడోసారి దొరికిన రోజు ఎల్‌ఎల్‌ఆర్‌కి ఆఖరి రోజు. ఆ సాయంత్రంతో గడువు అయిపోతుంది. మళ్లీ మొదటినుంచీ తీసుకుంటే నెల రోజులు ఆగాకే టెస్టు పెడతారు. జనవరి దాటిపోతుంది. నెల డబ్బుల కోసం మా ఆవిడ వెళ్లినప్పుడు కంపెనీ పిల్లల్లో ఒకరిద్దరు, "ఆంటీ, జనవరి నుంచి ఉంటుందా?" అని అడిగారట. మా ఆవిడ, "ఉంటుంది బాబూ," అని చెప్పి, ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ ఒక్క గిన్నెనే చాలాసేపు తోమింది.

ఈసారి నా లెక్క చాలా సూటిగా ఉంది. బండి లేవడమే సమస్య అయితే, లేచిన బండిని ఆపకుండా ఉంటే సరి. పొద్దున ఎనిమిదింపావుకి పల్లంలో దొర్లించి లేపాం. మైదానానికి ఎనిమిది నలభైకి చేరాం. మా ముందు పద్నాలుగు బండ్లు. ఇంజను అలా నడుస్తూనే ఉంది. ఆగిన బండిలో గంటకి ఎంత పెట్రోలు తాగుతుందో ముందురోజే ఖాళీ సీసాతో కొలిచి చూసుకున్నాను. ఒంటిగంట దాకా ఢోకా లేదు. వేడి ఎక్కకుండా రేడియేటరు మీద తడిగుడ్డ వేశాను. చుట్టూ బండ్లవాళ్లు ఇంజన్లు ఆపి చెట్టు నీడకి పోయారు. మేమిద్దరం పొగ వాసనలో, వణుకుతున్న సీట్ల మీద, రెండు గంటల ఇరవై నిమిషాలు కూర్చున్నాం. శనివారం కాబట్టి కంపెనీకి సెలవు; వెనక సీట్లో ముందురోజు వెనక్కి వచ్చిన ఖాళీ గిన్నెలు ఇంజనుతో పాటు గలగలమంటూనే ఉన్నాయి.

పదకొండింటికి ఇనస్పెక్టరు గారు వచ్చారు. నన్ను చూడగానే ఆగి, "ఉత్తరం సారు వచ్చిండా?" అన్నారు. తరవాత బండి వంక చూశారు. "ఓహో. నడుస్తున్నదే!"

"నడుస్తోందండీ," అన్నాను గర్వంగా.

"మంచిగున్నది. ఇగ ఆఫ్ చెయ్యుండ్రి."

"ఎందుకు సార్? నడుస్తోంది కదా!"

"స్టార్ట్ చేసుడు కూడ టెస్టే. నడిరోడ్డు మీద బండి ఆగిందనుకో, మీరు పొద్దున లేపిందే అని చెప్పుకుంటదా అమ్మ?"

మా ఆవిడ నా వైపు చూడకుండా తాళం వెనక్కి తిప్పింది. గిన్నెల చప్పుడు కూడా ఆగింది. మళ్లీ ముందుకి తిప్పింది.

టక్.

ఇనస్పెక్టరు గారు గడియారం చూసుకున్నారు. "ఇంకా ముగ్గురున్నరు. వాళ్లది అయ్యేలోపల లేస్తే లేసినట్టు. లేకుంటే ఇగ నేను భోజనానికి పోత," అని పక్క బండి వైపు నడిచారు. ఆ మాటలో కోపం లేదు. అదే ఇంకా బాధగా ఉంది.

నేను మీటరు తీసి మళ్లీ కొలిచాను. పన్నెండు పాయింట్ ఎనిమిది. రెండు గంటలు ఇంజను నడిచి బ్యాటరీ ఇంకా నిండింది. ఆ అంకె పుస్తకంలో రాయబోతుంటే, చెమటకి విసురుకోవడానికని మా ఆవిడ పుస్తకం నా చేతిలోంచి లాక్కుంది. విసురుకుంటుంటే అది ముందువైపు తెరుచుకుంది. కాసేపటికి విసరడం ఆపేసింది.

"ఏమండీ, ఇదేమిటి?"

"అది ముందువైపు. శుభకార్యాలు. మరమ్మతులు వెనకనుంచి."

ఆమె పైకి చదవడం మొదలుపెట్టింది. "'ఆయుధపూజ. కారు కడుగుట. నిమ్మకాయలు నాలుగు. బ్యాటరీ కొమ్ములు రెండు, క్లాంపులు విప్పి శుభ్రపరచుట. పసుపు కొబ్బరినీళ్లతో కలిపి ముద్దగా చేసి, ఒక్కో కొమ్ముకు మూడు చుట్లు. దాని మీద కుంకుమ. మందం సుమారు ఒక మిల్లీమీటరు. నిరుడు పైన పెట్టినది గాలికీ ధూళికీ చెరిగినందున ఈసారి బొట్టు క్లాంపు కింద ఉండునట్లు బిగించుట.'" తల ఎత్తింది. "మీ వెనకవైపు మొదటి వరస ఏ రోజుది?"

"దసరా తరవాత మూడో రోజు."

"ఈ మూడు రోజుల్లో బండి తీశామా?"

కొంచెం ఆలోచించాను. "లేదు. సెలవులు."

ఆమె పుస్తకం వెనక్కి తిప్పి, ఆ మొదటి వరస మీద వేలు పెట్టింది. అది అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. "అది పూజ," అన్నాను. "ఈ పట్టికకీ దానికీ సంబంధం లేదు. మధ్యలో ఇరవై పేజీలు కూడా వదిలాను."

"ఆ సంగతి బండికి తెలుసా అండీ?"

బానెట్ ఎత్తింది. పదో నంబరు పానా ఇమ్మని చెయ్యి చాపింది. ఇచ్చాను. క్లాంపు వదులు చేసి పైకి లాగింది. కొమ్ము చుట్టూ ఎండిపోయిన పసుపు, గిన్నెకి అంటుకున్న మాడులా గట్టిగా, దాని మీద నల్లబడ్డ ఎరుపు. వెనక సీట్లో గిన్నెల బుట్టలోంచి స్టీలు పీచు తీసుకొచ్చింది.

నేను అడ్డం వెళ్లాను. "ఆగు. పెట్టిన కుంకుమ చెరపకూడదు."

"ఎవరికండీ పెట్టారు?"

"బ్యాటరీకి."

"బ్యాటరీకి మొగుడెవరు? వెళ్లి అడిగి రండి. ఈలోపు నేను తోముతాను."

పక్కబండి ఆయన కళ్లు తుడుచుకుంటూ అటు తిరిగిపోయాడు. నేను తప్పుకున్నాను. ఆమె ముప్పై ఎనిమిది మంది తిన్న గిన్నెలు తోమే చేత్తో ఆ రెండు కొమ్ముల్ని, రెండు క్లాంపుల లోపలి వైపునీ సీసం తళతళలాడేలా తోమింది. బిగించింది. ఒక్క నిమిషం ఆగింది. నా ముఖంలో ఏం కనిపించిందో, డాష్‌బోర్డు మీద దేవుడి పటం దగ్గర కుంకుమ పొట్లం విప్పి, బ్యాటరీ డబ్బా నడుమ, కొమ్ములకి జానెడు దూరంలో చిన్న బొట్టు పెట్టింది.

"ఇక్కడుంటే దేవుడికీ కనిపిస్తుంది, కరెంటుకీ అడ్డం ఉండదు."

సీట్లో కూర్చుని తాళం తిప్పింది. సగం తిప్పేసరికే బండి లేచింది. అంత చప్పుడు చేస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇనస్పెక్టరు గారు మూడోవాణ్ణి దింపి అక్కణ్ణుంచే చూశారు. వచ్చి కూర్చున్నారు. మరోసారి ఆపించారు, మరోసారి లేపించారు. తరవాత మైదానం చుట్టూ ఒక రౌండు, రెండు కర్రల మధ్య వెనక్కి తీయడం. నేను దూరంగా నిలబడి క్లచ్ వదిలినప్పుడల్లా ఐదు అంకెలు లెక్కపెట్టాను. నాకంటే ఆమె రెండు అంకెలు ముందే వదులుతోంది. ఎక్కడా కుదపలేదు.

ఆయన దిగుతూ, "నడుపుడు మంచిగనే వచ్చు గదమ్మా. ఇన్ని దినాలు ఏమైంది?" అన్నారు.

"పూజ అయిందండి," అంది మా ఆవిడ.

ఆయనకి అర్థం కాలేదు గానీ సంతకం పెట్టారు.

మర్నాడు నేను మెకానిక్ షెడ్డుకి వెళ్లాను. దోషం మేమే పట్టుకున్నామని కొంచెం గొప్పగానే చెప్పాను. పొద్దున నేను బానెట్ దబ్బున వేసినప్పుడూ, మోరీ బండ ఎక్కి దిగినప్పుడూ, ఆయన పానాతో కొట్టినప్పుడూ ఆ కుదుపుకి క్లాంపు కదిలి, పసుపు పొర సందులోంచి కాసింత కరెంటు దారి చేసుకునేదని వివరించాను. హారన్‌కి చాలే కరెంటు సెల్ఫుకి చాలదని, నేను మీటరు ముల్లు కొమ్ము నెత్తిన పెట్టాను గానీ క్లాంపు మీద పెట్టలేదని కూడా ఒప్పుకున్నాను.

ఆయన బీడీ పక్కన పెట్టి, "పసుపా? చూసిన సార్," అన్నాడు.

"ఎప్పుడు?"

"సెల్ఫ్ ఇప్పినప్పుడల్ల. క్లాంపు తీస్తెనే గద సెల్ఫ్ ఇప్పేది. రెండుసార్లు చూసిన."

"మరి తుడవలేదేం?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "దేవునికి పెట్టిన బొట్టు నేనెట్ల తుడుస్త సార్? దండం పెట్టుకొని మళ్ల బిగించిన. మీదికెల్లి మీరు బ్యాటరీ జోలికి పోవద్దని రాసి పెట్టిన్రు." షెడ్డు గోడ వైపు చూపించాడు. పానాలన్నీ వరసగా వేలాడుతున్నాయి. ఒక్కోదాని మీదా దసరా నాటి పసుపు చుక్క అలాగే ఉంది. "జర చెయ్యి జారుతది. గని తుడవం."

నేను ఒక పానా తీసి చూసి, చుక్క చెరగకుండా మళ్లీ అక్కడే తగిలించాను.

లైసెన్సు డిసెంబరు ఆఖర్లో వచ్చింది. చేతికి రాగానే నంబరు పుస్తకంలో ఎక్కించాను, వెనకవైపా ముందువైపా అని ఆలోచించి, మధ్యలో వదిలిన ఇరవై ఖాళీ పేజీల్లో మొదటిదాని మీద. తరవాత లైసెన్సుని దేవుడి దగ్గర పెట్టాను.

జనవరి మొదటి వారంలో నేను గోపన్‌పల్లిలో పునాదులు కొలుస్తున్నాను. ఆ మధ్యాహ్నం మా ఆవిడ మొదటిసారి ఒంటరిగా కారులో మూడు గిన్నెలూ పెట్టుకుని మాదాపూర్ వెళ్లింది. బండి మొదటి తిప్పుకే లేచిందట. దారిలో బండలు పేలుస్తుంటే ఎర్రజెండా అతను ఆపమన్నాడట. ఆపి, మళ్లీ లేపుకుని వెళ్లిందట. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ అతను రిజిస్టరు తెరిచి లైసెన్సు అడిగితే ఇచ్చిందట.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నంబరు కనవడ్తలేదమ్మా. ఈడ ఏందో ఎర్రగున్నది."

దేవుడి దగ్గర పెట్టినప్పుడు నేను బొట్టు పెట్టాను. చెరిగిపోకూడదని కొబ్బరినీళ్లతోనే కలిపాను. నంబరు ఉన్న చోట కాగితం కొంచెం నున్నగా ఉంటే అక్కడే బాగా అంటుకుంది.

వెనక రెండు కార్లు హారన్ కొడుతున్నాయట. గిన్నెల్లో పులుసు చల్లారుతోంది. మా ఆవిడ ఒక్క క్షణం కళ్లు మూసుకుని, డాష్‌బోర్డు అరలోంచి కొలతల పుస్తకం తీసి, మధ్య పేజీ తెరిచి, నంబరు ఒక్కో అంకె చొప్పున చదివి చెప్పిందట. అతను గడి నింపి గేటు తెరిచాడు.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ఆమె గిన్నెలు తోముతోంది. స్టీలు పీచు పక్కన లైసెన్సు ఆరేసి ఉంది.

"మీ పుస్తకం ఇవాళ పనికొచ్చిందండీ," అంది, తల ఎత్తకుండా.